పడవ మనదైతే లెక్కా మనదే

పుదుచ్చేరి బ్రాంచికి బదిలీ మీద వచ్చి రెండేళ్లు దాటింది. కోసపాళయంలో అద్దెకుంటున్నాం. ఊరి నుంచి ఎవరొచ్చినా బీచి రోడ్డు, మణకుళ వినాయగర్ గుడి, ఆరోవిల్ చూశాక అడిగే మాట ఒకటే: “ఇక్కడ పడవ మీద దీవికి వెళ్లొచ్చటగా?” వెళ్లొచ్చు. టికెట్టు కొని అందరితో పాటు వెళ్లొచ్చు. లేదా పడవ మొత్తం మనమే మాట్లాడుకుని, మన వాళ్లతో మాత్రమే తీరిగ్గా తిరిగి రావచ్చు. రెండో పద్ధతిలో సుఖం ఎక్కువ. దాంతో పాటు ఒక బాధ్యత కూడా మన నెత్తిన పడుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు. అందుకే ముందు ఆ రోజు ఏం జరిగిందో చెప్పి, తర్వాత మిగతా వివరాల్లోకి వెళ్తాను.

పరవాయిల్లె

కిందటేడు సంక్రాంతికి మా అత్తయ్యగారు కోనసీమ నుంచి వచ్చారు. ఆడపడుచు కుటుంబం, మా బ్రాంచిలోని ఇద్దరు సహోద్యోగుల కుటుంబాలు, మేము, పిల్లలు అందరం కలిపి 14 మందిమయ్యాం. ఊరికి కాస్త దూరంలో ఒక రేవులో పడవ మాట్లాడుకున్నాం. దాని పేరు ఇక్కడ అనవసరం. చూడగానే తెలుస్తోంది, అది పది మంది పట్టే పడవ. లైఫ్ జాకెట్లు ఎనిమిదే ఉన్నాయి. “సరిపోతామా?” అని మావారు అడిగితే పడవ నడిపే అతను “పరవాయిల్లె సార్” అన్నాడు. తమిళంలో పరవాయిల్లె అంటే మన పర్లేదు. మేం కూడా పర్లేదనుకున్నాం. పులిహోర డబ్బాలతో సహా ఎక్కేశాం.

అరగంట బాగానే గడిచింది. తర్వాత కుడివైపు ఒక గరుడ పక్షి నీళ్ల మీదికి దూకి చేపను తన్నుకుపోయింది. పిల్లలు కేక పెట్టారు. ఫోన్లు పట్టుకుని పెద్దలు లేచారు. ఒక్క క్షణంలో ఏడెనిమిది మందిమి కుడి అంచుకు చేరాం. పడవ ఒరిగింది. నీళ్లు అంచు మీదుగా లోపలికి వచ్చి అత్తయ్యగారి పాదాలు తడిపాయి. “కూర్చోండి! ఎక్కడి వాళ్లక్కడ కూర్చోండి!” అని ఆవిడ అరిచిన అరుపు నేనెప్పుడూ వినలేదు. అందరం కూలబడ్డాం. పడవ సర్దుకుంది. అప్పుడు చూశాను, మా చిన్నదానికి జాకెట్టు లేదు.

ఏమీ కాలేదు. క్షేమంగా ఇంటికొచ్చాం. రాత్రి వంటింట్లో అత్తయ్యగారు అన్నారు: “మా లంకలో రేవు దగ్గర పడవవాడు చాలంటే పెళ్లివారైనా ఒడ్డునే ఆగేవారు. ఇవాళ చాలు అనేవాడే లేడమ్మాయ్.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. వోచరు మీద ఒక సంతకం లేకపోతే వెనక్కి పంపే మనిషిని నేను. సాయంత్రం నగదు ఒక్క రూపాయి తేడా వస్తే అది తేలేదాకా కదలను. అలాంటి దాన్ని, ఆ రేవులో మనుషులనూ జాకెట్లనూ ఒక్కసారి లెక్కపెట్టలేదు. టికెట్టు కొన్నప్పుడు ఆ లెక్క కౌంటరువాళ్లు చూస్తారు. పడవ మొత్తం మనమే మాట్లాడుకున్నప్పుడు అది చూడాల్సింది మనమే.

బస్సులో దాటిపోయే దీవి

ఇక దీవి సంగతి. సెంజి వైపు నుంచి వచ్చే శంకరాపరణి నది పుదుచ్చేరికి పడమరన రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ అరియాంకుప్పం నది, దక్షిణపు పాయ చున్నాంబార్. రెండూ వేరువేరుగా బంగాళాఖాతంలో కలుస్తాయి. అంటే ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేల మన గోదావరి భాషలో ఒక లంక. కడలూరు రోడ్డులో అరియాంకుప్పం వంతెన దాటితే లంకలోకి వచ్చినట్టు, నోనాంకుప్పం దగ్గర చున్నాంబార్ వంతెన దాటితే బయటికి వెళ్లినట్టు. రోజూ వేలమంది బస్సుల్లో ఈ దీవిని దాటుతుంటారు, చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఈ లంక ఉత్తరపు అంచున, అరియాంకుప్పం నది ఒడ్డునే అరికమేడు ఉంది. రెండు వేల ఏళ్ల నాడు రోమను దేశాలతో వర్తకం చేసిన రేవు అది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపించినప్పుడు మధ్యధరా ప్రాంతపు మద్యం జాడీల పెంకులు, పూసలు బయటపడ్డాయి. పడవలు సముద్రంలోంచి నదిలోకి వచ్చి ఆగడానికి వీలైన చోటు కాబట్టే ఇక్కడ రేవు పుట్టింది.

ఇక్కడి ఊళ్ల పేర్లలోనూ నీళ్ల గుర్తులున్నాయి. తేంగాయ్‌తిట్టు అనే పేట ఉంది. మా పిల్లలు మొదట ఎవరినో తిడుతున్నారనుకున్నారు. తమిళంలో తిట్టు అంటే నీటి మధ్య మెరక. కొబ్బరి దిబ్బ అన్నమాట.

పడవ షికారుకు ఎక్కువమంది వెళ్లేది చున్నాంబార్ బోట్ హౌస్‌కు. పుదుచ్చేరి పర్యాటక అభివృద్ధి సంస్థ దాన్ని నడుపుతోంది. ఊరి నుంచి కడలూరు రోడ్డులో సుమారు 8 కిలోమీటర్లు. అక్కడి నుంచి నది వెంట తూర్పుకు అరగంట లోపు పోతే ప్యారడైజ్ బీచి వస్తుంది. మ్యాపులో చూస్తే అది దీవి కాదు. ఒక పక్క నది, ఒక పక్క సముద్రం ఉన్న ఇసుక మేట. అయినా పడవ మీద చేరుకుంటాం కాబట్టి మా పిల్లలకు అది దీవే. మేట ఈ పక్క నీళ్లు నిదానంగా ఉంటాయి. నాలుగడుగులు వేసి ఆ పక్కకు వెళ్తే అలలు విరిగిపడుతుంటాయి. నది పక్క చూసిన కళ్లతో సముద్రాన్ని నమ్మకూడదు. అక్కడ ఈతకు దిగొద్దు. పాదాలు తడుపుకుంటే చాలు.

దారిలో చూడాల్సింది మడ చెట్లు. పోటు వచ్చినప్పుడు వాటి మొదళ్లు ఉప్పునీళ్లలో మునిగిపోతాయి. బురదలో గాలి ఆడదు. అందుకే ఆ వేళ్ల నుంచి పెన్సిళ్లలాంటి మొలకలు పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. నీళ్లు తగ్గినప్పుడు వెళ్తే బురద నిండా అవే కనిపిస్తాయి. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు కొమ్మల మీద ఉంటాయి. పడవ మనదే కాబట్టి ఇంజను కాసేపు ఆపమని అడగొచ్చు. ఆ రెండు నిమిషాల నిశ్శబ్దం కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్తున్నాను.

ఎప్పుడు వెళ్లాలి?

ఈ తీరంలో అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2011 డిసెంబరు 30న ‘థానే’ తుపాను కడలూరుకూ పుదుచ్చేరికీ మధ్య తీరం దాటింది. 2024 నవంబరు 30న ‘ఫెంగల్’ పుదుచ్చేరి దగ్గరే దాటింది. ఆ నెలల్లో నదిలో వరద ఉంటుంది, మొగ దగ్గర ఇసుక మేటలు చోటు మారుతుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా వాతావరణం అనుకూలంగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ తట్టుకోలేం.

రోజులో ఉదయం మంచిది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి లేస్తుంది, నీళ్ల మీద అల పెరుగుతుంది. ఆటుపోట్లు కూడా చూసుకోవాలి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఇవాళ్టి కంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. మన తీరంలో నీటిమట్టం తేడా పెద్దదేమీ కాదు. కానీ లోతు తక్కువైన కయ్యలో ఆ మాత్రం తేడాకే పడవ ఇసుకలో కూరుకుపోతుంది. ఆటు వేళ నది నీళ్లు బయటికి వెళ్తూ ఎదురొచ్చే సముద్రపు అలలతో ఢీకొంటాయి. అందుకే మొగ దగ్గర అలలు నిటారుగా లేస్తాయి. అక్కడికి తీసుకెళ్లమని పడవ నడిపే వాళ్లను ఎప్పుడూ బలవంతపెట్టకూడదు.

వెళ్లే ముందురోజు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తీరప్రాంతాలకు ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది, అవీ చూడండి. రేవులో హెచ్చరిక గుర్తు ఎగరేశారంటే ఎన్నో నంబరని అడగొద్దు. ఆ రోజుకు షికారు మానుకోండి.

పడవ ఎందుకు ఒరుగుతుంది?

పడవ నిలకడ కావడి లాంటిది. రెండు వైపులా బరువు సమంగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఒక మనిషి 60 కిలోలనుకుంటే, ఎనిమిది మంది ఒక పక్కకు జరిగితే దాదాపు అయిదు క్వింటాళ్లు ఒక్కసారిగా పక్క మారినట్టు. కూర్చున్న మనిషి బరువు కింద ఉంటుంది. లేచి నిలబడితే అదే బరువు పైకి వెళ్తుంది, పడవ ఇంకా తేలిగ్గా తూలుతుంది. పైఅంతస్తు ఉన్న పడవల్లో జనం పైకి చేరితే ప్రమాదమయ్యేది ఇందుకే.

మనుషులు ఎక్కువైన కొద్దీ పడవ కిందికి దిగుతుంది. నీటిమట్టానికి పైన ఉండాల్సిన అంచు ఎత్తు తగ్గిపోతుంది. అప్పుడు చిన్న ఒరుగుకే నీళ్లు లోపలికి వస్తాయి. లోపలికొచ్చిన నీళ్లు ఒరిగిన వైపే పారి ఇంకా ఒరిగేలా చేస్తాయి. ఆ రోజు మా పడవకు జానెడు అంచు కూడా లేదని అత్తయ్యగారు తర్వాత చెప్పారు.

భయపెట్టడానికి కాదు గానీ, మూడు తేదీలు గుర్తుచేస్తాను. 2017 నవంబరు 12, కార్తీక మాసం. విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ పడవకు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15. పాపికొండలకు వెళ్తున్న లాంచీ కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగింది. 2023 మే 7. కేరళలోని తానూరులో చేపల పడవను షికారు పడవగా మార్చి, పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించుకుని, పొద్దుపోయే వేళ బయల్దేరారు. 22 మంది మరణించారు. వారిలో 11 మంది ఒకే కుటుంబం వాళ్లు. ఈ మూడూ ఆదివారాలే. మనలాంటి వాళ్లు పిల్లాపాపలతో సరదాగా బయల్దేరే రోజు అది. రేవుల్లో రద్దీ ఎక్కువ, అందరికీ తొందర ఎక్కువ.

ఎక్కకముందు అయిదు ప్రశ్నలు

ఒకటి: ఈ పడవలో ఎంతమంది ఎక్కొచ్చు? 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం ఇంజనుతో నడిచే పడవలకు రిజిస్ట్రేషను, సర్వే ధ్రువపత్రం ఉండాలి. కాగితం చూపించమని మర్యాదగా అడగొచ్చు. చంకలోని పాపాయి కూడా ఒక మనిషే. లెక్కలోంచి తీసేయకండి.

రెండు: అందరికీ జాకెట్లు ఉన్నాయా, పిల్లలకు పిల్లల సైజువి ఉన్నాయా? వేసి బకిళ్లు పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు. నీళ్లలో అది మనిషిని వదిలి పైకి వచ్చేస్తుంది. సీటు కింద పెట్టుకున్న జాకెట్టు లేనట్టే లెక్క.

మూడు: పడవ నడిపేది ఎవరు? లైసెన్సు ఉందా, మద్యం వాసన వస్తోందా, తోడు ఇంకొకరు ఉన్నారా?

నాలుగు: తిరిగి ఎన్నింటికి ఒడ్డుకు చేరతాం? చీకటి పడకముందే చేరాలి. ఆ వేళ ఒడ్డున ఉన్న ఒకరికి చెప్పి ఉంచాలి.

అయిదు: తాడు, తేలే రింగు, నీళ్లు తోడే డబ్బా పడవలో ఉన్నాయా?

ఇవి అడగడానికి అయిదు నిమిషాలు చాలు. నచ్చని జవాబు వస్తే వెనక్కి రావడానికే ధైర్యం కావాలి. పిల్లలు ముఖం ముడుచుకుంటారు, ఇచ్చిన అడ్వాన్సు పోతుంది. పోనివ్వండి.

నీళ్ల మీద అందరూ కూర్చునే ఉండాలి. ఫోటోకు ఒక్కొక్కరే జరగాలి. ఎవరైనా నీళ్లలో పడితే వెంటనే దూకొద్దు. తాడు గానీ, రింగు గానీ, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా గానీ విసరండి. పడవే తిరగబడితే ఒడ్డు దగ్గరగా కనిపిస్తున్నా ఈదుకుంటూ పోవద్దు. పడవ తేలుతున్నంతసేపు దాన్నే పట్టుకుని అందరూ ఒక్కచోట ఉండాలి. అత్యవసర నంబరు 112, సముద్రంలో అయితే తీర రక్షక దళం నంబరు 1554. రెండూ ఫోనులో పెట్టుకోండి.

కౌంటరులో అందరికీ చెప్పే ప్రధానమంత్రి సురక్షా బీమా మన ఇంట్లో అందరికీ ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు. అయితే నీళ్లలో బీమా తేలదు, జాకెట్టే తేలుతుంది.

రెండోసారి

నెల తిరిగాక మళ్లీ వెళ్లాం. ఈసారి రెండో శనివారం ఉదయం. మనకు సెలవు, రేవులో రద్దీ తక్కువ. పన్నెండు మందికి అనుమతి ఉన్న పడవ, పన్నెండు మందిమి. తీరా ఒడ్డుకు చేరేసరికి మా ఆడపడుచు స్నేహితురాలు, భర్తతో వచ్చి నిలబడి ఉంది. “ఇద్దరేగా వదినా, సర్దుకుందాం” అంది ఆడపడుచు. పడవతను ఏమీ అనలేదు, నా వైపు చూశాడు.

రానని ఎలా చెప్పడం, రావద్దని ఎలా అనడం? ఒక్క క్షణం నోట్లోకి ‘పర్లేదు’ వచ్చింది కూడా. అత్తయ్యగారు నన్నే చూస్తున్నారు. “మీరు వెళ్లి రండి. నేనూ మీ అన్నయ్యా ఒడ్డున ఉంటాం” అన్నాను. ఆడపడుచుకు కోపం వచ్చింది, ఆ రోజంతా ముక్తసరిగానే మాట్లాడింది.

జాకెట్లు పంచేటప్పుడు అత్తయ్యగారు “జాకెట్టు మీద ఇంకో జాకెట్టేమిటే” అని నవ్వారు గానీ, చిన్నది బకిలు పెడుతుంటే కాదనలేదు. పడవ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. పన్నెండు నారింజరంగు చుక్కలు. రెండుసార్లు లెక్కపెట్టాను. గంటన్నర తర్వాత మలుపు దగ్గర మళ్లీ కనబడగానే ఇంకోసారి లెక్కపెట్టాను. పన్నెండు. అత్తయ్యగారు దిగి, కొంగులో కట్టుకొచ్చిన గవ్వలు నా చేతిలో పోసి, “నీ వాటా” అన్నారు.

ఆ తర్వాత మేం మరో మూడుసార్లు వెళ్లాం, ఒకసారి ఆడపడుచుతోనే. ఇప్పుడు మనుషులను లెక్కపెట్టేది ఆవిడే. నాకు చెప్పదు గానీ, పెదవులు కదులుతుంటే తెలుస్తుంది.

మీరు విజయవాడలో ఉంటే భవానీ ద్వీపం, నాగార్జునసాగర్ దగ్గరైతే నాగార్జునకొండ, మా పుదుచ్చేరిలోనే భాగమైన యానాంలో ఉంటే గౌతమి, నెల్లూరు వైపైతే పులికాట్‌లోని ఇరకం దీవి ఉన్నాయి. నీళ్లు వేరు, పడవలు వేరు. అయిదు ప్రశ్నలు మాత్రం అవే. అడిగి, జవాబులు నచ్చాక ఎక్కితే, ఆ తర్వాత కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. పులిహోర కూడా అప్పుడే రుచిగా ఉంటుంది.